తెర వెనక నాలుగో నంబరు

ఫిన్లాండులో సముద్రం ఒడ్డున ఒక ఊరుంది. ఆ ఊరి సంగీతశాల గురించి ఏ వాద్యగాణ్ణి అడిగినా మంచే చెబుతాడు. శబ్దం గుండ్రంగా పలుకుతుందంటాడు, కాఫీ బాగుంటుందంటాడు. చివర్లో మాత్రం గొంతు తగ్గించి — "వేదిక మీద ముందు వరసలో, నేలలో ఉన్న ఆ చిల్లు జోలికి మాత్రం పోకు" అంటాడు.

చిన్న చిల్లే. పెన్సిలు మొన దూరితే గొప్ప. చెల్లో అనే పెద్ద ఫిడేలు వాయించేవాళ్లు వాద్యం కింద ఉండే ఇనప ముల్లు నేలకి ఆనించి కూర్చుంటారు కదా... ఆర్మాస్ అనే పెద్దాయన ముప్ఫై ఒక్క ఏళ్లు చెల్లోవాళ్ల నాయకుడు కూర్చునే మొదటి కుర్చీలో కూర్చుని, ఒకేచోట గుచ్చి గుచ్చి చేసిన చిల్లు అది. ఆయన పోయాక ఆ కుర్చీలోకి ముగ్గురొచ్చారు. ముగ్గురూ నాలుగేళ్లు నిండకుండానే పెట్టె సర్దుకున్నారు. ఎందుకయ్యా అంటే ఒక్కడూ నోరు విప్పడు.

అందుకే అక్కడ అందరూ ముల్లు కింద పలక వేసుకుంటారు. కుర్చీ కాలికి బెల్టుతో కట్టిన చిన్న చెక్క పలక. అది లేకపోతే చెల్లో జారిపోతుంది, అది ఉంటే చిల్లుతో పని లేదు.

ఈ సంగతులన్నీ హెల్కాకి కంఠతా వచ్చు. పద్నాలుగేళ్లుగా ఆ ఆర్కెస్ట్రాలో బదిలీ మనిషి ఆవిడ. ఎవరికి జ్వరమొస్తే వాళ్ల కుర్చీ. జ్వరం తగ్గితే ఇంటికి. నలభై ఒకటి నిండాయి, ఇంతవరకూ "ఇది నా కుర్చీ" అనుకున్నది లేదు. దానికితోడు ఆ శరదృతువు నుంచి ఎడమ చేతి ఉంగరం వేలు బిగుసుకుపోవడం మొదలైంది. డాక్టరు పెదవి విరిచాడు.

మార్కెట్టులో చేపల కొట్టున్న తమ్ముడు నవ్వాడు. "ఈసారీ కుర్చీ రాకపోతే మా కొట్టుకి వచ్చెయ్యక్కా. చేపలు కొయ్యడానికి ఉంగరం వేలెందుకు?"

హెల్కాకి నవ్వు రాలేదు. ఆ రాత్రి చెల్లో పెట్టె పక్కనే కూర్చుని ఏడ్చింది. మొదటి కుర్చీ ఖాళీ అయింది, ఇది ఆఖరి అవకాశం, ఆ తర్వాత మిగిలేది చేపల వాసనే.

పరీక్ష జనవరిలో పెట్టారు. అక్కడ జనవరి అంటే మధ్యాహ్నం మూడింటికే చిమ్మచీకటి. బయట సముద్రం గడ్డకట్టి, అప్పుడప్పుడూ మంచు పగిలిన చప్పుడు... టప్‌మని.

పరీక్ష పద్ధతి ఇది. వేదిక మధ్య పెద్ద నల్ల తెర. అవతల ఏడుగురు జడ్జీలు. ఇవతల, మొదటి కుర్చీ ఉండే చోటే, ఒక కుర్చీ. పేరు ఉండదు, నంబరే. నడిచే దారంతా తివాచీ పరుస్తారు, బూట్ల చప్పుడుని బట్టి ఆడో మగో కూడా తెలియకూడదట. అన్నిటికంటే ముఖ్యం — నోరు విప్పకూడదు. ఒక్క మాట బయటికొచ్చినా ఇంటికే.

హెల్కాకి నాలుగో నంబరు వచ్చింది, అదే ఆఖరిది.

తివాచీ ఉన్న గదిలో గంటసేపు సాధన చేసింది. ముల్లు జారలేదు కాబట్టి పలక గుర్తే రాలేదు. తెర వెనక కుర్చీలో కూర్చున్నాక, కాళ్ల దగ్గర నున్నగా మెరిసే నేల చూశాక గుర్తొచ్చింది. పలక ఇంట్లో ఉంది! వంటింటి బల్ల మీద, పొద్దున కోసిన రై రొట్టె పక్కన!

అడుగుదామంటే నోరు విప్పకూడదు. ముల్లు ఆనించింది, జారింది. మళ్లీ ఆనించింది, మళ్లీ జారింది. తెర అవతల ఎవరో దగ్గారు.

అప్పుడు కనబడింది... చిల్లు. సరిగ్గా పాదం పక్కనే.

'ఒక్కసారికి ఏమవుతుందిలే' అనుకుంది పిచ్చి తల్లి. గుచ్చింది. కొలత తీసి చేసినట్టు దిగిపోయింది ముల్లు.

కమాను ఎత్తింది. అంతే... కింద నుంచి చలి పైకి పాకింది. మోకాళ్లు, నడుము, భుజం. ఎడమ చెయ్యి మొత్తం కొయ్యబారిపోయింది. కుడి చేతిలో కమాను తీగకి వేలెడు దూరంలో నిలబడిపోయింది. లోపల "వాయించవే, వాయించవే" అని గింజుకుంటోంది, వేళ్లు వినడం లేదు.

ఎంతసేపలా కూర్చుందో ఆవిడకే తెలియదు. ఒక్క స్వరం... ఒక్కటంటే ఒక్కటి పలకలేదు.

చివరికి తెర అవతల నుంచి గొంతు వినిపించింది. "చాలు. థాంక్స్, నాలుగో నంబర్."

లేచి, తివాచీ మీద చప్పుడు లేకుండా బయటికొచ్చి, కోట్లు తగిలించే గదిలో కూలబడి భోరుమంది. అక్కడ ఐలి ఉంది. నలభై ఏళ్లుగా వచ్చిపోయేవాళ్ల కోట్లు చూసుకునే ముసలావిడ.

"ఏంటే పిల్లా, ఆ ఏడుపు?"

"అయిపోయింది పెద్దమ్మా... చెయ్యి కదల్లేదు. అసలు వాయించనే లేదు."

ఐలి చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. "నీ మొహం! తలుపు దగ్గరే నిలబడ్డాను నేను. మొదట్నుంచీ చివరిదాకా విన్నాను. ఇదిగో చూడు, రోమాలింకా నిక్కబొడుచుకునే ఉన్నాయి."

హెల్కా నోరు తెరిచేలోపే రైమో పరుగెత్తుకొచ్చాడు. రెండో కుర్చీ చెల్లో అతనిదే. "నువ్వేనా నాలుగు? ఏడుకి ఏడు చేతులూ లేచాయి హెల్కా! పెద్ద జడ్జి కళ్లు తుడుచుకున్నాడు. ఆర్మాస్ దిగొచ్చి వాయించినట్టుందన్నాడు. పద పద, సంతకం పెట్టాలి. ఇన్నాళ్లూ ఈ విద్యంతా ఏ అటక మీద దాచావమ్మా?" అని, వచ్చినంత వేగంగానూ వెళ్లిపోయాడు.

ఐలి లేచి తలుపు వేసింది.

"ఎవరికీ చెప్పని మాట చెబుతున్నాను. పన్నెండేళ్ల కిందట, అరవై దాటినవాళ్లంతా మళ్లీ పరీక్షకి కూర్చోవాలన్నారు. ఆర్మాస్ కూర్చున్నాడు. ఆయనదీ నాలుగో నంబరే. బయటికొచ్చి, నువ్వు కూర్చున్న ఈ బెంచీ మీదే కూర్చున్నాడు... 'అంతా వాయించానే ఐలీ. జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. వాళ్లేమో ఒక్క స్వరం కూడా వినబడలేదంటున్నారు' అన్నాడు."

"మరి... నువ్వు విన్నావా?" గుసగుసగా అడిగింది హెల్కా.

"లేదే అమ్మా. తలుపు దగ్గరే ఉన్నాను, లోపల చడీచప్పుడూ లేదు. మతి పోయిందనుకున్నాను. ఆ రాత్రే ఆయన మంచు మీద నడుచుకుంటూ సముద్రంలోకి వెళ్లిపోయాడు." ఐలి కన్నీళ్లు తుడుచుకుంది. "ఆయన వాయించింది... ఇవాళ విన్నాను."

హెల్కా లెక్క వేసుకుంది. ఆయన సంగీతం తనకి చేరింది. మరి పన్నెండేళ్ల కిందట జడ్జీలు విన్న ఆ నిశ్శబ్దం?

అది తనది.

వెళ్లి నిజం చెప్పెయ్యాలి. లేచింది కూడా. రైమో కాగితం పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. బిగుసుకుపోయిన వేలు చూసుకుంది, చేపల కొట్టు గుర్తొచ్చింది. కలం అందుకుని సంతకం పెట్టేసింది.

మొదటి కచేరీ ఫిబ్రవరిలో. హాలు కిటకిటలాడుతోంది. తమ్ముడు కూడా వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని. ఈసారి పలక మరిచిపోలేదు, సంచీలోనే ఉంది. వేలు మాత్రం ఆ పొద్దున అసలు వంగలేదు.

'ఇంకొక్కసారే. ఆయనే వాయిస్తాడు' అనుకుంది. పలక సంచీలోంచి తియ్యలేదు. ముల్లు చిల్లులో గుచ్చింది.

చెల్లో ఒక్కటే పలకాల్సిన చోటు వచ్చింది. ఆశ్చర్యం! చలి లేదు. బిగువు లేదు. వేళ్లు తీగల మీద నీళ్లలా పారుతున్నాయి. ఇది ఆర్మాస్ కాదు, తనే, అచ్చంగా తనే! పద్నాలుగేళ్ల ఆకలంతా తీరేలా వాయిస్తోంది. కళ్ల వెంబడి నీళ్లు కారుతున్నాయి.

పక్క నుంచి రైమో, తల తిప్పకుండా, పళ్ల మధ్య నుంచి అన్నాడు —

"హెల్కా... ఏం చేస్తున్నావ్? వాయించు!"

తలెత్తింది. చేతి పుల్లతో ఆర్కెస్ట్రాని నడిపిస్తున్న కండక్టరు మొహం పాలిపోయి ఉంది. హాల్లో అందరూ తనవైపే చూస్తున్నారు. మూడో వరసలో తమ్ముడు తల దించుకున్నాడు. ఎక్కడో మంచు పగిలింది, ఆ చిన్న చప్పుడు కూడా అందరికీ వినిపించింది.

ఎప్పుడో, ఎవరో, ఆ తెర వెనక కూర్చోబోయే నాలుగో నంబరు... వాళ్ల కోసం హెల్కా వాయిస్తూనే ఉంది.