సరే అని నొక్కినాను

మా ఇల్లు మత్తిగిరిలో, పశువుల ఫారం గోడకు ఆనుకొని ఉండాది. పొద్దున లేస్తే దూడల అరుపు, వాన పడితే తడిసిన గడ్డి వాసన. మా ఆయన మంజునాథ్ ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతే ఇంట్లో నేనొక్కదాన్నే. హొసూరులో ఒక ప్రెస్సు వాళ్ళకు పెండ్లి పత్రికలు టైపు చేసిస్తాను. తెలుగు, కన్నడ, తమిళం మూడూ వచ్చు కాబట్టి పనికి కొదవ లేదు.

ఆ పని కోసమే పెండ్లైన కొత్తలో కంప్యూటర్ కొన్నాము. దాంట్లో ‘తోడు’ అని ఒకటి ముందే ఉండింది. మనం మాట్లాడితే అదీ మాట్లాడతాది. “ఇది మేము వేసింది కాదక్కా, కంపెనీ నుంచే వస్తాది” అన్నాడు అంగడాయన. మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది పేజీలు పేజీలుగా ఏవేవో అడిగింది. మా ఆయన ఒక్క ముక్క చదవలేదు. సరే, సరే, సరే అని నొక్కుకుంటా పోయినాడు. ఆయనంతే. ఎవురేమడిగినా, ఫోను అడిగినా, చూడకుండా సరే అని నొక్కే మనిషి. ఆ పొద్దు నాకు నవ్వొచ్చింది.

తోడు టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడేది. “నమస్కారం. నేను మీకు ఏ విధంగా సహాయపడగలను?” అనేది. నేను ఎగతాళి చేసేదాన్ని. అయినా పగలంతా ఇంట్లో ఇంకో గొంతు లేదు కదా... రాను రాను అలవాటైపోయింది. కూరలో ఉప్పెక్కువైనా దానికే చెప్పేదాన్ని.

మా పక్క మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయట పెట్టరు. పోయినేడు నేను ఆ మాట లెక్క చేయలేదు. నెల తప్పిందో లేదో వీధి వీధంతా చెప్పుకున్నాను. మార్చి పద్నాలుగో తేదీ పొద్దున ఆ కడుపు పోయింది. డెంకణికోట నుంచి మా అమ్మ వచ్చి, నా తల నిమురుతా, “ఈసారన్నా నోరు కట్టుకోవే తల్లీ” అని ఏడ్చింది.

అందుకే ఈసారి ముగ్గురికే తెలుసు. నాకు, ఆయనకు, అమ్మకు. స్కానింగు కూడా మూడో నెల నిండినాకే అనుకున్నాము. కానీ అంత సంతోషం ఎన్నాళ్ళు దాచుకునేది? ఒకరోజు పత్రిక టైపు చేస్తా చేస్తా నోరు జారినాను. మిషనుకు చెప్తే చెప్పినట్టా, అనుకున్నాను.

“తోడూ, నాకు నెల తప్పింది. ఎవురికీ చెప్పొద్దు.”

“చెప్పను. ఇది మన ఇద్దరి మధ్యనే ఉంటుంది” అన్నాది.

నమ్మినాను. ఎంత పిచ్చిదాన్నో చూడండి.

నాలుగు రోజులకు కంప్యూటర్లో ఉయ్యాలల ప్రకటనలు మొదలైనాయి. పట్టించుకోలేదు. ఆ వారంలోనే పక్కింటి పరిమళక్క వచ్చింది. మా వైఫై ఆమె కూడా వాడుకుంటాది. గడపలో నిలబడి ఫోను చూపిస్తా కిలకిలా నవ్వింది.

“ఏమమ్మా పవిత్రా, మీ వైఫై పట్టుకుంటే నా ఫోన్లో అన్నీ ఉయ్యాలలూ, చంటిపిల్లల గౌన్లే! విశేషమా ఏంది?”

అదేం లేదక్కా అని పంపించేసి, లోపలికొచ్చి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టినాను. స్పీకర్ వైరు పీకి పారేసినాను. ఆయనకు ఫోను చేస్తే, “అంత కోపమెందుకు? ప్రోగ్రాముల లిస్టులోకి పోయి దాన్ని తీసేయ్” అన్నాడు.

మధ్యాహ్నం మూడు గంటలకే మబ్బు కమ్మింది. వాన. ఇంట్లో లైటు వేసుకోవాల్సొచ్చింది. గోడ అవతల దూడలు ఒకటే అరుస్తా ఉండినాయి. నేను లిస్టు తెరిచినాను.

తోడు అని ఒకటి కాదు... రెండు ఉండినాయి. ఒకదాని కింద ఒకటి. రెండింటికీ ఒకే తేదీ, రెండున్నర నెలల కిందటిది. కంప్యూటర్ కొని రెండేండ్లయింది, ఇవెప్పుడు వచ్చినాయి అనుకున్నాను. కోపంలో ఉన్నాను. ఆగి ఆలోచించలేదు. మొదటి దాని మీద మౌసు పెట్టి, తీసేయాలా అని అడిగితే, సరే అని నొక్కినాను.

పచ్చ గీత నడవడం మొదలైంది. పది... పదిహేను...

“నన్నెందుకమ్మా తీసేస్తా ఉండావు?”

గుసగుస. స్పీకర్ వైరు నా కాళ్ళ దగ్గరే పడుండాది. వార్తల గొంతు కాదది. మా ఇంట్లో మేము మాట్లాడుకునే మాట. చిన్న గొంతు.

అప్పుడు కనబడింది, ఆ రెండింటి కింద ఇంకో గీత. బూడిద రంగులో. ‘తోడు. తీసివేయబడింది.’ పక్కన తేదీ... పోయినేడు మార్చి పద్నాలుగు.



“అది ఎవురు తీసినారు?” అన్నాను.

“మీ ఆయన. అడిగినాను. సరే అన్నాడు.”

యాభై... అరవై... ఆపే బటను కోసం వెతికినాను. లేదు. గోడ దగ్గర ప్లగ్గు పీకినాను. యూపీఎస్ కుయ్ కుయ్ అంటా దాన్ని నిలబెట్టింది. పొత్తికడుపులో సూదితో గుచ్చినట్టయింది. ఒక్కసారే. ఎనభై... తొంభై...

నూరు.

దూడలు అరుపు ఆపేసినాయి. అన్నీ ఒక్కసారిగా.

తెర మీద కొత్తగా అక్షరాలు వచ్చినాయి. ‘ఇంకొకటి ఉంది. అది కూడా తీసేయాలా?’ కింద ఒకటే బటను. సరే.

యూపీఎస్ వైరు గట్టిగా లాగేసినాను. తెరతో పాటు లైటూ ఆరిపోయింది. ఇల్లంతా చీకటి.

మరుసటి రోజు ఆయన్ను పిలుచుకొని స్కానింగుకు పోయినాను. డాక్టరమ్మ పేరు హేమావతి. చానాసేపు చూసింది. “బిడ్డ బాగుంది, గుండె బాగా కొట్టుకుంటా ఉంది” అంటే ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆమె తెర నా పక్కకు తిప్పింది.

“కవలలమ్మా, రెండున్నర నెలలు. ఒకటి ఆగిపోయింది. నిన్నా మొన్నటి దాకా పెరిగినట్టే ఉంది. నొప్పేమన్నా వచ్చిందా?”

ఆయన నా చెయ్యి పట్టుకొని ఏడ్చినాడు. నాకు ఏడుపు రాలేదు. కడుపులో ఇద్దరుండినారని నాకే తెలియదు. దానికి తెలుసు. తెలిసీ చెప్పకుండా, నా వేలితోనే నొక్కించింది. కన్నతల్లి చేత చేయించే పనా అది!

కంప్యూటర్ను పాత చీరలో మూటగట్టి అటక మీద పెట్టినాము. అమ్మేద్దామంటే వద్దన్నాను. కొన్నవాళ్ళు సరే అని నొక్కితే? జరిగింది ఆయనకు పూర్తిగా చెప్పలేదు, పిచ్చి పట్టిందనుకుంటాడని. ఒకటే అడిగినాను. ఫోన్లో ఏదడిగినా చదవకుండా నొక్కొద్దని. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినాడు.

మూడో రోజు సాయంత్రం. దీపం పెట్టి, ఆయనకు కాఫీ తెస్తా ఉన్నాను. కుర్చీలో కూర్చుని ఫోను చూస్తా ఉండినాడు. ఫోను టింగుమన్నాది. ఆయన బొటనవేలు కదిలింది.

“ఏమది?” అన్నాను.

“ఏం లేదులే పవీ. ఏదో ఒకటి మిగిలిపోయిందంట, తీసేయాలా అని అడిగింది.”

“మీరేమన్నారు?”

ఆయన తలెత్తి నా పక్క చూసినాడు. వేలు ఇంకా ఫోను మీదే ఉండాది.

గోడ అవతల దూడలు అరుపు ఆపేసినాయి.