ఖాళీ స్టాండు చుట్టూ ఈగలు

తెల్లారి ఆరున్నర. మేడ మీద తేనెటీగల పెట్టె మాయమైంది.

ఇనప స్టాండు మాత్రం ఉన్నచోటే ఉంది. దాని నాలుగు కాళ్ళూ నాలుగు నీళ్ళ గిన్నెల్లో ఉన్నాయి. చీమలు ఎక్కకుండా పెట్టిన గిన్నెలవి. ఒక్క చుక్క ఒలకలేదు.

ఎస్సై మెట్లెక్కి వచ్చేసరికి పది దాటింది. వచ్చిన రెండో నిమిషంలోనే అతని చెవి మీద తేనెటీగ ఒకటి కుట్టింది.

"చేత్తో కొట్టకండి సార్, ఇంకోటి వస్తుంది" అంది ఇంటావిడ.

"పెట్టె పోయిందన్నారుగా! మరి ఇవెక్కడివి?"

"పెట్టె ఎత్తుకుపోతే మిగిలిపోయినవి. పాపం, ఇల్లు వెతుక్కుంటున్నాయి."

స్టాండు చుట్టూ గుప్పెడు ఈగలు ముసురుతున్నాయి. వాలుతున్నాయి. లేస్తున్నాయి. మళ్ళీ అక్కడే వాలుతున్నాయి.

కానిస్టేబుల్ దగ్గి గొంతు సవరించుకున్నాడు. "స్టేషన్లో అప్పుడే పేరు పెట్టేశారు సార్."

"కేసుకా?"

"మీకే సార్. ఈగల ఎస్సై."

ఎస్సై పళ్ళు నూరాడు. చెవి మండుతోంది. "ఎవరి మీదైనా అనుమానం ఉందామ్మా?"

"అనుమానమెందుకు? కింది వాటా పెద్దాయనే! పోయిన వారం కనురెప్ప మీద కుట్టిందని పెట్టె తీసుకెళ్ళి కాలవలో పడేస్తానన్నాడు." ఆవిడ ఖాళీ స్టాండు వైపు చెయ్యి చూపించింది. "రెండేళ్ళ కష్టం సార్. మొదటి గుంపు నెల తిరక్కుండా లేచిపోయింది. రెండోదాన్ని చీమలు తినేశాయి. ఇదొక్కటే నిలబడింది. ఇప్పుడిప్పుడే బీరపాదు కాపు పట్టింది. సాయంత్రం వానట. గూడు లేకపోతే ఈ కాస్త ఈగలూ తెల్లారేసరికి చచ్చిపోతాయి."

కింది వాటా పెద్దాయన ఒక కన్ను ఇంకా సగమే తెరవగలుగుతున్నాడు.

"కాలవలో పడేస్తానన్నారట?"

"అన్నాను. అనడానికేం పోయింది? ఆ పెట్టె ముట్టుకునే ధైర్యమే ఉంటే ఈ కన్ను ఇలా ఉండేదా?"

"రాత్రి ఎక్కడున్నారు?"

"మంచం మీద. కిటికీలు బిగించుకుని. ఉక్కకి చచ్చాననుకోండి. సాక్ష్యం కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, తెల్లార్లూ తిడుతూనే ఉంది."

అతను కాదు. ఎస్సైకి తెలిసిపోయింది. నీళ్ళ గిన్నె కదలకుండా పెట్టె దించిన చెయ్యి వణికే చెయ్యి కాదు. కుట్టించుకోకుండా ఎత్తాలంటే ముందు ఈగల గుమ్మం గుడ్డతో మూసేయాలి. ఆ పని తెలిసినవాళ్ళు ఎవరు?

ఇంకొకరున్నారు. ఇంటావిడ తోడికోడలు. వెనక వీధిలో కాపురం. ఇద్దరూ ఆదివారాలు కలిసి ఈగల పెంపకం క్లాసుకి వెళ్ళారు.

ఆమె మేడంతా గుమ్మడి పాదు. తొట్లలో ఇంట్లో చేసిన ఎరువు. ఆకు ఒక్కొక్కటి చేటంత ఉంది. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

"రాత్రి ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. అక్క పెట్టె పోతే నన్నడుగుతారేంటి?"

"క్లాసుకి మీరూ వెళ్ళారుగా. మీకు పెట్టె లేదా?"

"కొన్నాను. పది రోజులకే లేచిపోయాయి." మాట పుల్లవిరిచినట్టుంది.

"పాదు బాగుంది. కాయలేవీ?"

"కాయల గురించి అడక్కండి సార్. దణ్ణం పెడతాను."

ఎరువు డబ్బా పక్కన బుట్టెడు పసుపు పూలు. ఆ ఉదయం కోసినవే. అన్నిటికీ పొడుగాటి సన్నని కాడలు. ఎస్సై ఒక పువ్వు తీసి అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు. ఏమీ అర్థం కాలేదు. అదే అతనికి ఒళ్ళు మండించింది.

మూడింటికి మళ్ళీ స్టాండు దగ్గరికొచ్చాడు. మబ్బు కమ్మింది. క్లూ లేదు. చెవి వడియంలా ఉబ్బింది. ఈగలు ఇంకా ఎక్కువయ్యాయి.

ఎక్కువయ్యాయా?

"అమ్మా! పొద్దున మీరు చూసినప్పుడు ఇక్కడ ఎన్ని ఈగలున్నాయి?"

"అప్పుడా? ఒక్కటీ లేదు."

"చీకటి పడ్డాక ఈగలెక్కడుంటాయి?"

"పెట్టెలోనే. అన్నీ..." ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"అందర్నీ పిలు" అన్నాడు ఎస్సై కానిస్టేబుల్‌తో.

నాలుగింటికి ముగ్గురూ మేడ మీదున్నారు. పెద్దాయన తలకి దుప్పటి చుట్టుకుని మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"పెట్టె పోయింది రాత్రి" అన్నాడు ఎస్సై. "రాత్రి ఈగలన్నీ లోపలే. అంటే ఇక్కడ మిగిలిపోయిన ఈగ ఒక్కటీ లేదు. మరి ఇవి? పెట్టెతో పాటు వెళ్ళినవే. ఎవరో పొద్దున గుమ్మం తెరిచారు. ఇవి మేతకి బయల్దేరాయి. తిరిగి పాత ఇంటికొచ్చాయి. తేనె కోసం వచ్చిన దొంగ గూడు కోసి పిండుకుంటాడు, గుమ్మం తెరవడు. పెట్టె ఇక్కడే ఉంది, ఈగ ఎగిరొచ్చే దూరంలో. అమ్మా, పెట్టె జరపడం గురించి క్లాసులో ఏం చెప్పారు?"

"జరిపితే జానెడు జరపాలి, లేకపోతే ఊరు దాటించాలి. మధ్యలో ఎక్కడ పెట్టినా ఈగలు పాత చోటికే వస్తాయని."

"ఆ ఆదివారం క్లాసుకి ఎవరు రాలేదు?"

ఇంటావిడ మెల్లగా తల తిప్పింది. తోడికోడలు నేల చూపులు చూస్తోంది.

"మా మేడ మీద, నీళ్ళ ట్యాంకు వెనకుంది" అంది చివరికి. "రెండు రోజులుంచుకుని తెచ్చి పెట్టేద్దామనుకున్నా. నీ మేడ మీద కాయ మీద కాయ. నాకు పిందె పడుతుంది, పసుపెక్కుతుంది, రాలిపోతుంది. ఏడాదిన్నరగా ఇదే ఏడుపక్కా!"

"ఓసి నీ తెలివి తెల్లారా! వెనక వీధి ఈగలకి ఒక దూరమా? అవి రోజూ నీ మేడకి వస్తూనే ఉన్నాయి కదే!"

"వస్తే కాయలేవీ మరి?"

ఎస్సై జేబులోంచి వాడిన పసుపు పువ్వు తీశాడు. "ఇవి బుట్టెడు కోశారు. ఎందుకు?"

"అవి గొడ్డు పూలు సార్. కాడ కింద పిందె ఉండదు. ఉత్తినే పాదు బలం తినేస్తాయని రోజూ తెల్లారగానే గిల్లేస్తాను."

ఇంటావిడ నెత్తి కొట్టుకుంది. "గొడ్డు పూలు కాదే, మగపూలు! పుప్పొడి వాటిలోనే ఉంటుంది. రోజూ నువ్వే గిల్లిపారేస్తే ఈగలు ఏం తెచ్చి కాయిస్తాయి?"

తోడికోడలు బీరపాదు తొట్టి అంచున కూలబడింది. ఏడాదిన్నర. రోజూ పొద్దున. తన చేత్తోనే.

దూరంగా ఉరిమింది.

"ఏ సెక్షన్ రాయమంటారు?" అన్నాడు ఎస్సై విసుగ్గా.

"ఏమీ రాయకండి" అంది ఇంటావిడ. "ముందు పెట్టె రావాలి. మసక పడగానే గుమ్మం మూసి మోసుకొద్దాం."

వాన ఇంకా మొదలవలేదు. మసక చీకటిలో తోడికోడళ్ళిద్దరూ పెట్టెకి చెరోవైపు పట్టుకుని మెట్లెక్కుతున్నారు. కానిస్టేబుల్ టార్చి పట్టాడు. నాలుగో మెట్టు దగ్గరే ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"ఇంత బరువు రాత్రి ఒక్కదానివే ఎలా మోశావే?"

"కోపంలో తెలీలేదక్కా."

"ఇప్పుడో?"

"చేతులు పడిపోతున్నాయి."

"దించకు. పైన అవి ఎదురుచూస్తున్నాయి" అంది ఇంటావిడ.

పైన ఖాళీ స్టాండు మీద గుప్పెడు ఈగలు, ఒకదాన్నొకటి కరుచుకుని, కదలకుండా కూర్చున్నాయి.