మేష్టారి అరచేతులు

తెల్లవారకముందే మేడమీది హాల్లో జంపఖానాలు పరిచి, పతంజలి మహర్షి పటం ముందు దీపం పెట్టడం వినుత పని. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన మరుసటి ఏడు నుంచి అది ఆమె చేతికే వచ్చింది. కింద వంటింట్లో అత్తగారు పుట్టలక్షమ్మ డికాక్షన్ దించేసరికి మెట్లమీద చెప్పుల చప్పుళ్లు మొదలవుతాయి. చెప్పులు గోడవారగా విడిచి, చెంగు బొడ్లో దోపుకుని ఆడవాళ్లు ఒక్కొక్కరే పైకి వస్తారు. శ్లోకం ముగిశాక ఇక మాటలుండవు. శ్రీకంఠయ్య మేష్టారి గొంతు, ఊపిరుల చప్పుడు, అంతే.

మైసూరులో యోగం నేర్పేవాళ్లకు కొదవ లేదు. సరస్వతీపురంలోనే వీధికి ఇద్దరున్నారు. అయినా జనం శ్రీకంఠయ్యగారి దగ్గరికే రావడానికి కారణం ఆయన చేయి. ముందుకు వంగిన మనిషి వెన్ను మీద ఆయన అరచేయి ఆనించాడంటే, ఆ మనిషి ఎంతవరకు వంగగలదో ఆ చేతికి తెలిసిపోయేది. అక్కడిదాకా మెల్లగా దించి, ఆ పైన ఒక్క వెంట్రుకవాసి కూడా నొక్కేవాడు కాదు. తల్లులు ఆ చేతికింద నేర్చుకున్నారు, ఇప్పుడు కూతుళ్లు నేర్చుకుంటున్నారు.

కొన్నాళ్లుగా వినుత ఒక వింత గమనిస్తోంది. మేష్టారు వరసలో నడిచి వస్తుంటే ఆడవాళ్లు తప్పించుకుంటున్నారు. ఒకావిడకు సరిగ్గా అప్పుడే దాహం వేస్తుంది. ఇంకొకావిడకు జడ ముడి ఊడిపోతుంది, లేచి కూర్చుని తీరిగ్గా ముడి వేసుకుంటుంది. బ్యాంకులో పనిచేసే కమలిని అయితే ఆయన ఇంకా దూరంగా ఉండగానే నుదురు మోకాళ్లకు ఆనించేసి, ఇక నొక్కడానికేమీ మిగల్లేదన్నట్టు బిగుసుకుపోతుంది.

మేష్టారికి ఇదంతా గర్వంగానే ఉంది. శిష్యులు ఎంత ఆరితేరారంటే ఎవరికీ తన చేయి అవసరం పడటం లేదని, కాఫీ తాగుతూ భార్యతో చెప్పుకున్నాడు. పుట్టలక్షమ్మ ఖాళీ లోటా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఒకరోజు క్లాసు అయ్యాక వినుత కమలినిని మెట్లమీద పట్టుకుని, ఎందుకిలా తప్పించుకుంటున్నారని అడిగింది. కమలిని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎవరితోనూ అనకు వినుతా. పోయిన నెల మేష్టారు చేయి వేస్తే వారం రోజులు కౌంటర్లో కూర్చోలేకపోయాను. ఇదివరకు ఆ చేయి పువ్వులా ఉండేది. ఇప్పుడు రుబ్బురోలు పొత్రం."

"మరి ఆయనతో చెప్పొచ్చు కదా?"

"గురువుతో చెబుతామా? కళ్లు పోవూ? అదేదో నువ్వే చెప్పు, ఇంటిమనిషివి."

ఇంటిమనిషిని కాబట్టే చెప్పలేనని వినుత పైకి అనలేదు. భర్త ప్రసన్నతో ఒకసారి కదిపి చూసింది. రైల్వే వర్క్‌షాపులో పొద్దంతా ఇనుముతో కుస్తీ పట్టి వచ్చిన అతను, నాన్న సంగతి నాకెందుకు చెబుతావని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

తప్పించుకోని మనిషి ఒక్కరే ఉన్నారు. పక్కవీధిలో ఉండే జలజాక్షమ్మ, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనావిడ. మేష్టారి చేయి వెన్ను మీద పడటమంటే ఆవిడకు గుడిలో తల మీద శఠగోపం పెట్టించుకున్నంత. ఆ రోజు ఆషాఢ శుక్రవారం. క్లాసు కాగానే చాముండి కొండ మెట్లెక్కాలని ఆవిడ పూలు, కొబ్బరికాయ సంచిలో పెట్టుకునే వచ్చింది. చాలామంది పొద్దున్నే కొండకు వెళ్లిపోవడంతో హాలు సగం ఖాళీగా ఉంది.

జలజాక్షమ్మ కాళ్లు చాపి ముందుకు వంగింది. మేష్టారు వెనక నిలబడి రెండు అరచేతులూ ఆవిడ నడుం మీద పెట్టి బరువు దించాడు. వినుత పక్కనే ఉంది. ఆవిడ వేళ్లు జంపఖానా అంచును గట్టిగా పట్టుకోవడం చూసింది. ఆయన ఇంకా దించాడు. పాత గుడ్డ చిరిగినట్టు సన్నటి చప్పుడు వినబడింది. జలజాక్షమ్మ కిక్కురుమనలేదు. క్లాసు అయ్యేదాకా కూర్చుని, మేష్టారికి నమస్కారం పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. కొండవైపు వెళ్లలేదు. ఇంటివైపు వెళ్లింది.

మధ్యాహ్నం వాళ్లింటినుంచి కబురొచ్చింది. తొడ వెనక కండరం చినిగిందట. నెలరోజులు మంచం దిగకూడదన్నాడట డాక్టరు.

భోజనాల దగ్గర మేష్టారు ఆ తప్పంతా జలజాక్షమ్మ మీదకే తోశాడు. కొండకు పోవాలన్న హడావిడిలో మనసు ఇక్కడ లేదని, రాత్రి ఆలస్యంగా తిని ఉంటుందని, ఒళ్లు వేడెక్కకుండానే వంగిందని. పుట్టలక్షమ్మ చారు వడ్డిస్తూ తల ఎత్తలేదు. వినుత కలుపుతున్న అన్నం వదిలేసింది.

"అలా అనకండి మావయ్యా. ఆవిడ సరిగ్గానే చేశారు. నేను పక్కనే ఉన్నాను. మీరే ఎక్కువ దించారు."

పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. మేష్టారు విస్తట్లో చేయి అలాగే ఉంచి ఆమెను చూశాడు.

"నాకు నువ్వు నేర్పుతావా?"

"నేర్పడం కాదు..."

"రేపట్నుంచి నువ్వు మేడమీదికి రానక్కర్లేదు. దీపం నేను పెట్టుకుంటాను."

ఆయన మజ్జిగ పోయించుకోకుండానే లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం ప్రసన్న వచ్చేసరికి ఇంట్లో ఎవరి మూలన వాళ్లున్నారు. ఆషాఢ శుక్రవారం పూజ మాత్రం ఆపడానికి లేదు. పుట్టలక్షమ్మ చాముండమ్మ పటానికి మందార పూలదండ వేసి అందరినీ పిలిచింది. మేష్టారు హారతి పళ్లెం అందుకుని పాట ఎత్తుకున్నాడు. పాట మధ్యలో కర్పూరం బిళ్ల జారి పళ్లెం అంచుకు వచ్చింది. మంట ఆయన బొటనవేలిని నాకుతోంది. ఆయన కళ్లు అమ్మవారి మీదే ఉన్నాయి, గొంతు వణకలేదు. ప్రసన్న భక్తిలో కళ్లు మూసుకున్నాడు. వినుత మాత్రం చూసింది. ఆమె నోరు తెరిచేలోపే పుట్టలక్షమ్మ పళ్లెం లాక్కుంది.

వేలి మీద బొబ్బ లేచింది. మేష్టారు దాన్ని వేరెవరి వేలో అన్నట్టు చూస్తున్నాడు.

"మీకు మంట తెలియలేదా మావయ్యా?" వినుత అడిగింది.

ఆయన ఆ చేతిని వెనక్కి తీసుకున్నాడు. పుట్టలక్షమ్మ పటం వైపు తిరిగి లెంపలు వేసుకుంది. తరువాత నేల మీద కూర్చుండిపోయి మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పనని ఆయన తనచేత ఈ అమ్మవారి మీదే ఒట్టు వేయించుకున్నారట. ఒట్టు తప్పిన పాపమేదో తనకే తగలనీ, ఇక దాచలేనంది. ఆయనకు షుగరు బయటపడి రెండేళ్లు దాటింది. డాక్టరు రాసిన మాత్రలు ఒక్కటీ మింగలేదు. కాకరకాయ రసం తాగుతూ, గంటల తరబడి మండూకాసనంలో కూర్చుంటూ తగ్గించుకుంటానన్నాడు. మొదట కాళ్లకు స్పర్శ పోయింది. చెప్పు ఊడిపోయినా తెలియక ఒకటే చెప్పుతో బజారునుంచి ఇంటికి వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు చేతులు.

ప్రసన్నకు కోపం వచ్చింది. "ఇంత జరుగుతుంటే నాకు ఒక్క మాట చెప్పవా అమ్మా? ఇంక చాలు నాన్నా. క్లాసు మూసేద్దాం. రేపు ఇంకెవరిదో నడుం విరిగితే వీధిలో తల ఎత్తుకుని తిరగగలమా?"

"మూసెయ్యి" అన్నాడు మేష్టారు. ఆ గొంతులో కోపం లేదు. "చేయి పనికిరాని మేష్టారు ఎవరికి కావాలి?"

వినుత ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీరు నన్నెప్పుడైనా ముట్టుకున్నారా మావయ్యా?"

ప్రసన్న తెల్లబోయి చూశాడు. పుట్టలక్షమ్మ కళ్లు తుడుచుకోవడం ఆపింది.

"ఈ ఇంటికి వచ్చేనాటికి నాకు నిలబడి పాదాలు అందుకోవడం కూడా రాదు. కోడలి మీద చేయి వేయకూడదని మీరు కిటికీ దగ్గర, అటు తిరిగి నిలబడేవారు. నా ఊపిరి చప్పుడు విని చెప్పేవారు. ఎడమ మడమలో బరువు దించు అనేవారు. పక్కటెముకలు వెనక్కి తీసుకో, ఊపిరి బిగపట్టావు, వదులు అనేవారు. మీ చేయి పడని శిష్యురాలిని నేనొక్కదాన్నే. నేను నేర్చుకోలేదా?"

మేష్టారు తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. అది ఆయన ఎప్పుడూ నేర్పడంగా లెక్కపెట్టుకున్నది కాదు. మరో దారి లేక, మర్యాద కోసం చేసింది.

"మాటతో నేర్పొచ్చులే" అన్నాడు చివరకు. "కానీ ఏ ముఖం పెట్టుకుని నేర్పను? యోగం చేసేవాడి దగ్గరికి షుగరు రాదని ఆ హాల్లో నిలబడి ఎన్నిసార్లు చెప్పానో. ఇప్పుడు నాకే వచ్చిందంటే యోగం అబద్ధమంటారు. లేదంటే నేను అబద్ధమంటారు."

ఆ మాట వినుత కూడా నమ్మింది, నలుగురికీ చెప్పింది. ఆమె పటం వైపు చూసింది. రోజూ మొక్కే ఈ తల్లి జ్వరం రానివ్వనని ఎప్పుడైనా మాటిచ్చిందా? ఇవ్వలేదు. అయినా జ్వరం వచ్చిన రోజున కూడా దీపం పెడుతూనే ఉన్నాం కదా. మరి యోగం చేత మాత్రం అలాంటి మాట ఎందుకు ఇప్పించుకున్నాం? ఆ ఆలోచన మావగారితో అనేంత చదువు తనకు లేదనుకుని, కొబ్బరినూనె తెచ్చి అత్తగారి చేతికిచ్చింది. పుట్టలక్షమ్మ భర్త వేలికి నూనె రాసింది. ఆయన రాయనిచ్చాడు.

మర్నాడు వినుత వంటింట్లోనే ఉండిపోయింది. మేడమీంచి పిలుపు వచ్చింది.

"వినుతా, దీపం పెట్టలేదేం?"

ఆమె చేయి తుడుచుకుని పైకి వెళ్లింది. ఆ రోజు మేష్టారు వరసల మధ్యకు రాలేదు. కిటికీ పక్కన స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వినుత చేసి చూపిస్తుంటే ఆయన ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి చెబుతున్నాడు. కమలినికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎవరికీ దాహం వేయలేదు.

క్లాసు అయ్యాక ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని కిందికి వచ్చాడు. జలజాక్షమ్మ ఇంటికి పోదాం పదమన్నాడు. దారి పొడుగునా తల వంచుకుని, కాలికి చెప్పు ఉందో లేదో చూసుకుంటూ నడిచాడు. వినుత ఒక అడుగు వెనక నడిచింది.

మేష్టారు తన గడప తొక్కడం చూసి జలజాక్షమ్మ మంచం మీద లేవబోయి, నొప్పికి మళ్లీ ఒరిగిపోయింది. తప్పు తనదేనని గబగబా చెప్పుకొచ్చింది. కొండకు వెళ్లే తొందరలో ఒళ్లు బిగపట్టానంది.

"కాదు జలజాక్షమ్మా" అన్నాడు మేష్టారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మీరు సరిగ్గానే చేశారు. నా అరచేతులకు స్పర్శ పోయింది. నాకు షుగరు. అందరి దగ్గరా దాచాను. చేతికి ఏమీ తెలియడం లేదని తెలిసే మీ నడుం మీద చేయి వేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

జలజాక్షమ్మ వాకిలి వైపు ఒకసారి చూసింది, తన కోడలు దగ్గరలో లేదు కదా అన్నట్టు. తరువాత దుప్పటి అంచు సర్దుకుంటూ మెల్లగా అంది.

"నాకూ ఉంది మేష్టారూ."

ఆయనకు అర్థం కాలేదు.

"షుగరు. నాలుగేళ్లయింది. మీకు తెలిస్తే నేను సరిగ్గా చేయడం లేదంటారని, ఇన్నేళ్లుగా వస్తున్నా ఇంతేనా అంటారని చెప్పలేదు. కమలినికీ ఉంది. మేమిద్దరం ఒకే డాక్టరు దగ్గరికి వెళ్తాం. మీ కంట పడకుండా మీ వీధి తప్పించి, పార్కు చుట్టూ తిరిగి పోతాం."

మేష్టారు అప్పుడు కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. తుడిచినవి మళ్లీ తుడిచాడు. వినుత గోడమీది క్యాలెండరు వైపు తిరిగి నిలబడింది. మావగారు ఏడవడం కోడలు చూడకూడదు.

"మాత్ర ఎప్పుడు వేసుకోవాలి జలజాక్షమ్మా?" కాసేపటికి ఆయన కళ్లద్దాలు పెట్టుకుని అడిగాడు. "తిండికి ముందా, తర్వాతా?"

"అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఇస్తారు. నేను లేవలేను కానీ, సాయంత్రం కమలిని మిమ్మల్ని మా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది." జలజాక్షమ్మ కళ్లు తుడుచుకుని నవ్వింది. "పార్కు చుట్టూ తిప్పొద్దని దానికి చెప్పండి. మీ ఇంటి ముందునుంచి పోతే దగ్గర."