ఇందులో పుట్టని కోడలు

ఉతికిన బట్టలు మడతపెట్టి కోడలు తన ఆడపడుచు అలమరలో సర్దుతుంటే, అడుగున చేతికి మందుల అట్టలు తగిలాయి. మూడు అట్టలు. ఒక్క మాత్రా తీసిన గుర్తు లేదు. తను పనిచేసే మందుల షాపు నుంచి తనే నెలనెలా తెచ్చిస్తున్న మూర్ఛ మాత్రలవి... వాటిని పట్టుకుని మంచం అంచున కూలబడింది.

"మానేసి నెలయింది వదినా," అంది బుల్లి గుమ్మంలో నిలబడి. ఇరవై రెండేళ్ళొచ్చినా ఇంట్లో చిన్నదని ఆ పిలుపే ఉండిపోయింది. "మాత్ర మింగినంత కాలం నమ్మకం సగమేనని మందిరం పెద్దాయన చెప్పారు. చూడు, ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు." ఆ పిల్ల మొహంలో వెలుగు చూసేసరికి కోడలికి భయం ఇంకా ఎక్కువైంది.

భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేసింది. "బుల్లిని మాత్రలు మానెయ్యమని పెద్దాయన చెప్పింది తప్పు అత్తయ్యా. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది."

భర్త తినడం ఆపేశాడు. "నువ్విందులో పుట్టలేదు, పెరగలేదు. మా మందిరం పెద్దల్ని తప్పుపట్టే హక్కు నీకెక్కడిది? మీవాళ్ళలో ఇలాంటివి లేవా?"

"ఉన్నాయి." ఆమె కంచం పక్కకి జరిపింది. "మా పిన్నికి జబ్బు చేస్తే మా గురువుగారు తాయెత్తు కట్టి, ఆస్పత్రి వద్దన్నారు. నేను అందులోనే పుట్టాను, అడిగే హక్కుంది. అయినా నోరు మూసుకున్నాను... పిన్ని పోయింది."

అత్తయ్య తలెత్తలేదు. "పెళ్ళయి ఏడేళ్ళయినా నువ్వు మమ్మల్ని బయటినుంచే చూస్తున్నావమ్మా," అంది మెల్లగా. ఆ మాట కోడలి గుండెల్లో గుచ్చుకుంది.

సంగతి మందిరం దాకా వెళ్ళింది. కోడలు అందరి ముందూ క్షమాపణ చెప్పాలని, లేకపోతే మందిరం పుస్తకంలోంచి బుల్లి పేరు కొట్టేస్తామని పెద్దాయన కబురు పంపాడు. ఈలోగా బుల్లి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయి, శూన్యంలోకి చూడడం మొదలుపెట్టింది. చేతిలో చెంచా జారిపోయేది. వంటింట్లో ఏ చప్పుడైనా కోడలు పరుగెత్తేది. అత్తయ్య కూడా చూస్తూనే ఉంది... ఏమీ అనేది కాదు.

ఆ పిల్ల కోసం కోడలు తల వంచుకుని మందిరానికి వెళ్ళింది. క్షమాపణ సగంలో ఉండగా, పాటలు పాడే వరసలోంచి బుల్లి నిలువునా కూలిపోయింది.

"ఎవరూ ముట్టుకోకండి. ప్రార్థించండి," అన్నాడు పెద్దాయన.

అంతమందిలో ఒక్కరూ కదల్లేదు. కోడలే పరుగెత్తి, ఆ పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద కొంగు మడతపెట్టి, గోడ గడియారం చూసింది. రెండు నిమిషాలు... ఐదు... ఫిట్స్ ఆగలేదు. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి," అంది. భర్త పెద్దాయన వంక చూశాడు.

అత్తయ్య లేచి నిలబడింది. "నా కోడలు చెప్పింది వినపడలేదా? ఫోన్ తియ్యి," అంది కొడుకుతో.

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో బుల్లి కళ్ళు తెరిచింది. నాలుక కొరుక్కుని మాట ముద్దగా వస్తోంది. "నా నమ్మకం చాల్లేదు వదినా... అందుకే పడ్డాను." కోడలు మాత్ర ఇవ్వబోతే పెదాలు బిగించి గోడవైపు తిరిగింది.

"ఇలా ఇవ్వు," అంది అత్తయ్య, కోడలి ముందు చెయ్యి చాపి. "చెంచా జారిన ప్రతిసారీ నేనూ చూశాను తల్లీ. నేను చెబితే మందిరానికి ద్రోహమవుతుందని ఊరుకున్నాను. నువ్వు చెబితే బయటిదానివన్నాను. నీ మాట ఇది వినదు. నేను ఇందులోనే పుట్టాను, నా మాట కొట్టెయ్యలేదు."

కూతురి పక్కన కూర్చుని చాలాసేపు బతిమాలింది. బుల్లి ఏడ్చి ఏడ్చి, చివరికి మింగింది. అప్పుడు అత్తయ్య వరండాలో కాచుకుని ఉన్న పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. తలుపు వెనకనుంచి ఆయన గొంతే పెద్దగా వినిపించింది. అత్తయ్య గొంతు ఒక్కసారి కూడా పెరగలేదు.

తిరిగొచ్చి కోడలి పక్కన కూర్చుంది. "నా పేరు కొట్టేశారు," అంది. "మా అమ్మ సమాధి కూడా ఆ మందిరం ఆవరణలోనే ఉంది... ఇక అక్కడికి రానివ్వరు."

కోడలు ఆమెను దగ్గరికి తీసుకుంది. అత్తయ్య అప్పటికి గాని ఏడవలేదు.