గోరు మీద తేనెటీగ

శనివారం ఉదయం ఏడింటికి, తోటకు వస్తున్న పురుగుల మేడమ్ స్కూటర్‌ను లారీ కొట్టింది. ఆమె అక్కడికక్కడే చనిపోయింది.

ఆమె పరిశోధన వంగతోటలో. పూల మీద వాలే పురుగులను కెమెరాలు ఫొటో తీస్తే, ఏది తేనెటీగో, ఏది మామూలు ఈగో కంప్యూటర్ లెక్కగట్టేది. ఆ కంప్యూటర్‌కు ఓనమాలు దిద్దించినవాడు ఆమె ల్యాబ్‌లోనే పనిచేసే కుర్రాడు.

ఇద్దరికీ తొలి పరిచయమే తగాదా.

“ఏవండీ, నా బొటనవేలు తేనెటీగా?” స్క్రీన్ ముందు నిలబడి అడిగింది. పువ్వు పక్కకు జరుపుతుంటే పసుపు రంగు వేసిన గోరు కెమెరాకు చిక్కి, తేనెటీగల లెక్కలో చేరింది.

“ఆ రంగు ఎవరు వేసుకోమన్నారు?”

“మీ కంప్యూటర్‌ని అడిగి వేసుకోవాలా?”

మర్నాడు ఆ గోరు మీద రెండు నల్లచారలు గీసుకొచ్చింది. కంప్యూటర్ ఈసారి ఏ అనుమానమూ లేకుండా తేనెటీగేనంది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

“నవ్వింది చాలు. ఆ ఫొటోలు తీసెయ్యండి. లేని తేనెటీగలు లెక్కలో చేరితే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.”

“ఎల్లుండి తీసేస్తా మేడమ్.”

ఎల్లుండి అడిగితే మళ్లీ ఎల్లుండన్నాడు. తీసేస్తే ఆమె తగాదాకు రాదని అతని భయం. గోరు మీది చారలు ఆమె చెరపలేదు. ఎందుకని అతను అడగలేదు. అదీ ఎల్లుండి అడుగుదామనుకున్నాడు.

ఆమె పోయాక, నివేదిక పంపాల్సిన రోజు ల్యాబ్ పెద్దాయన అతని పక్కకొచ్చి కూర్చున్నాడు.

“ఆ అమ్మాయి పేరు మీద వెళ్తుందోయ్. లెక్క తప్పితే మాట పడేది తనే. బదులు చెప్పడానికి కూడా లేదు.”

అతను గోరు ఉన్న ఫొటోలు ఒక్కొక్కటీ చూసి, లెక్కలోంచి తీసి పక్కన పెట్టాడు. తోటలో తేనెటీగలు తగ్గాయని ఆమె చెబుతూ వచ్చింది. లెక్క కూడా అదే చెప్పింది.

మధ్యాహ్నం ఆమె తల్లి బల్ల సర్దడానికి వచ్చింది. సంచి భుజాన వేసుకున్నాక అడిగింది.

“బాబూ, ఇక్కడ ఎల్లుండి అంటే ఎవరు?”

అతను లేచి నిలబడ్డాడు. “నేనేనండీ.”

“ఇంట్లో పొద్దస్తమానం నీ గొడవే. ‘ఎల్లుండిని తీసుకొస్తానమ్మా, చూసి చెప్పు’ అంది. ‘ఎప్పుడే’ అంటే, ‘ఈ ఆదివారమే’ అంది.”

అతను పక్కన పెట్టిన ఫొటోలు తెరిచాడు. తల్లి స్క్రీన్ మీది గోరును వేలితో తాకింది.

“దాని చెయ్యే. నాకు పంపుతావా నాయనా? నీకు వీలున్నప్పుడే.”

“ఇప్పుడే పంపుతానండీ.”

ఆమె మెట్లు దిగేలోగా ఫొటోలన్నీ ఆమె ఫోన్‌కు చేరాయి.