మార్కులు వేయనన్న మనిషి

"మీరు పదిహేను నిమిషాలు లేటు మేడం."

హన్మకొండలోని ట్రైనింగ్ హాల్లో నలభై మంది టీచర్లు ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. గుమ్మంలో స్నేహలత నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ల నుంచి జూన్ వాన కారుతోంది. ములుగు అవతల అడవిలో ఉన్న ఇప్పలగూడెం నుంచి పొద్దున ఐదింటికి బయల్దేరి, జీపెక్కి, రెండు బస్సులు మారి వచ్చిందామె. తెల్లచొక్కా వేసుకుని మైకు పట్టుకున్న కుర్ర ట్రైనర్ చేత మాట పడడానికి మాత్రం రాలేదు.

"బస్సుకు చెప్పండి సార్. అదే లేటు," అంటూ వెళ్లి చివరి వరుసలో కూర్చుంది.

హాల్లో నవ్వులు. ట్రైనర్ పేరు హరికృష్ణ. ఒక ట్రస్టు తరఫున ఊరి బళ్ల టీచర్లకు శిక్షణ ఇస్తుంటాడు. నవ్వులు ఆగేదాకా ఆగి స్క్రీన్ మీద వీడియో పెట్టాడు. అందులో ఒక టీచరమ్మ చుట్టూ పదిమంది పిల్లలు, అందరూ రెండో తరగతే. రంగురంగుల కార్డులు పట్టుకుని పాడుతున్నారు.

"ఎట్లుంది మేడం?" చివరి వరుసను చూస్తూ అడిగాడు.

"మంచిగుంది సార్. ఆ బడిల ఒక టీచరు, ఒక క్లాసు. మా బడిల నేనొక్కదాన్నే, ఐదు క్లాసులు. ఒకటో తరగతోళ్లకు ఇంట్ల మాట్లాడే కోయ భాష తప్ప తెలుగు రాదు. అసుంటి బడి వీడియో ఏదన్న ఉంటే జర పెట్టండి."

నలభై మందీ చప్పట్లు కొట్టారు. హరికృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. మైకు బల్ల మీద పెట్టేశాడు.

"శనివారం నేనే మీ బడికొస్త. ఒక రోజు పాఠం చెప్పి చూపిస్త."

"రండి సార్. దార్ల వాగుంది. ప్యాంటు మోకాళ్ల దాక మడుచుకోవాలె."

రాడనే అనుకుంది. శనివారం తొమ్మిదింటికల్లా చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో బడి ముందు నిలబడ్డాడు.

ఒకటో తరగతి పిల్లల ముందు కూర్చుని బొమ్మల కార్డు ఎత్తి చూపించాడు. "ఇదేంటి?" పిల్లలు కార్డును కాదు, అతన్ని చూస్తున్నారు. "ఏంటి, చెప్పండి?" గొంతు కాస్త పెంచాడు. ముందు కూర్చున్న పిల్ల పెదవి వణికింది, ఏడుపు అందుకుంది. పక్కనున్న వాడు తోడు కలిశాడు.

మూల నుంచి కట్టమ్మ అనే అమ్మాయి కోయలో ఏదో అంది. పిల్లలంతా పకపకా నవ్వి, ఒక్క గొంతుతో బొమ్మ పేరు అరిచారు.

"ఏమన్నవమ్మా?" అని అడిగాడు హరికృష్ణ.

"ఈ సారు మిమ్మల్ని తినడు, భయపడకుండ్రి అన్న సార్."

కట్టమ్మ ఆ ఊరి అమ్మాయే. ఇంటర్ పాసై ఇంట్లో ఉంది. జీతం లేకుండానే రోజూ బడికి వచ్చి పిల్లలకూ టీచరుకూ మధ్య వంతెనలా ఉంటోంది.

సాయంత్రం బడి విడిచాక హరికృష్ణ స్నేహలత దగ్గరికి వచ్చాడు. "హాల్ల నేను పెట్టిన వీడియో మీకు పనికొచ్చేది కాదు మేడం. మీరన్నదే నిజం."

అతన్ని అనడానికి ఆమె నాలుగు మాటలు దాచిపెట్టుకుంది. నాలుగూ వృథా అయిపోయాయి.

మళ్లీ శనివారం వచ్చాడు. ఆ పై శనివారం కూడా. ఈసారి పాఠం చెప్పడానికి కాదు, కట్టమ్మ పక్కన కూర్చుని కోయ మాటలు నోట్‌బుక్‌లో రాసుకోవడానికి. తప్పు పలికినప్పుడల్లా పిల్లలు పడీపడీ నవ్వేవారు. వాళ్లతో పాటు నవ్వుతూ తలెత్తితే స్నేహలత కళ్లు ఎదురయ్యేవి. ఇద్దరూ ఒకేసారి చూపు తిప్పుకుని, ఇద్దరూ ఒకేసారి నల్లబల్ల వైపు చూసేవారు. దాని మీద చూడడానికి ఏమీ ఉండేది కాదు.

జూలై చివర్లో ఒక సాయంత్రం వాగు పొంగింది. బడి వరండాలో రేకుల మీద దబదబా వాన. మాట వినపడాలంటే దగ్గరగా రావాలి. ఇద్దరూ రాలేదు, గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకున్నారు.

"మా ట్రస్టు ఈ ఏడు మూడు బళ్లకు సాయం చేస్తాంది మేడం. పిల్లల భాష వచ్చిన వాలంటీర్‌కు రెండేళ్ల జీతం. టీచర్‌కు మైసూరుల ఆరు వారాల ట్రైనింగ్. అప్లికేషన్ పెట్టండి."

ఆమె పది రాత్రులు కూర్చుని రాసింది. ఆ తర్వాతి శనివారం కాగితాలు అతని ముందు పెట్టింది. "ఒకసారి చూడండి సార్."

అతను చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నేను చూడొద్దు మేడం."

"ఒక్క పేజీ."

"ఒక్క అక్షరం కూడ వద్దు."

"తొమ్మిది శనివారాలు వచ్చిన్రు. ఒక్క పేజీ చదవనీకి తీరికలేదా?"

అతను బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత రాలేదు.

సెప్టెంబర్‌లో బడిని చూసి మార్కులు వేయడానికి ట్రస్టు నుంచి మనిషి వస్తున్నాడంటే స్నేహలత పొద్దున్నుంచి వాగు వైపే చూసింది. వచ్చింది వీరభద్రం అనే రిటైర్డ్ హెడ్మాస్టరు. పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టి చదివించాడు, ఏదో రాసుకున్నాడు, నవ్వలేదు. ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా వెళ్లాడు.

ఆ రోజు ఆమె హరికృష్ణకు మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. రాత్రికి మెసేజ్ వచ్చింది. "ఇంటర్వ్యూ అయ్యేదాకా నేను మీతో మాట్లాడకూడదు. దయచేసి కారణం అడగకండి."

ఆ రెండు ముక్కలనూ ఆమె ఎన్నిసార్లు చదివిందో. బడిలో ఏదో తప్పు పట్టాడు. మొహం మీద చెప్పలేక తప్పుకున్నాడు. ఇంకేముంటుంది? అనుకున్న కొద్దీ కోపం పెరిగింది. కోపం కింద ఇంకేదో ఉంది. దాని పేరు మాత్రం ఆమె తలుచుకోలేదు.

దసరా తర్వాత కట్టమ్మ ఇంకో కబురు తెచ్చింది.

"మేడం, పత్తి ఏరనీకి మేస్త్రి మనుషులను తీస్కపోతాండు. సోమవారం బండి. రెండు నెలలు అక్కడనే. మా అమ్మ పొమ్మంటాంది. ఏం జేయమంటరు?"

ఉండమని ఏ మొహంతో అంటుంది? నాలుగు నెలలుగా ఆ పిల్ల ఊరికే పనిచేస్తోంది.

"శనివారం హన్మకొండల ఇంటర్వ్యూ ఉంది కట్టమ్మా. నాతోని రా. ఆ తర్వాత నీ ఇష్టం."

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో పద్మలత, ట్రస్టు పెద్ద. కుడి పక్కన వీరభద్రం. ఎడమ పక్కన కాగితాలు రాసుకునే ఆయన. మొదటి ప్రశ్నే వీరభద్రం వేశాడు.

"మీ బడికి మార్కులు వేయాల్సింది హరికృష్ణ. నేను వేయనని రాసిచ్చిండు. ఎందుకో తెలుసా?"

స్నేహలత భయపడిందే నిజమైంది. ఆ భయం వెంటనే రోషమైంది.

"తెల్వదు సార్. మా బడిల తప్పేమన్న ఉంటే నాతోని చెప్పాలె. చెప్పకుండ తప్పుకున్నరు. ఇప్పుడు మీరు చెప్పండి, సమాధానం చెప్తాన."

పద్మలత ఫైల్లోంచి ఒక కాగితం తీసింది.

"తప్పు కాదమ్మా. మా దగ్గర ఒక నియమం ఉంది. బడి వాళ్లతో బంధుత్వం, స్నేహం, ఏదున్నా మార్కులు వేసే మనిషి ముందే రాసివ్వాలి. ఆయన రాసింది చదువుతాను. చదవక తప్పడం లేదు." గొంతు సవరించుకుంది. "'ఇప్పలగూడెం బడి టీచర్ స్నేహలత గారంటే నాకు ఇష్టం. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఆమె మనసులో ఏముందో నాకూ తెలియదు. కాబట్టి ఆ బడికి నేను మార్కులు వేయడం న్యాయం కాదు.'"

స్నేహలతకు మొహమంతా వేడెక్కింది. నవ్వాలో, లేచి పారిపోవాలో, అతను కనపడితే నాలుగు దులపాలో తెలియలేదు.

వీరభద్రం వదల్లేదు. "అసుంటి మనిషి తొమ్మిది సార్లు మీ బడికొచ్చిండు. ఈ అప్లికేషన్ ఆయన రాసియ్యలేదని మేమెట్ల నమ్మాలె?"

"ఆయన రాస్తే ఇంత కన్న మంచిగుండేది సార్. మూడో పేజీ చూడండి, రెండు కొట్టివేతలున్నయి. చదవమని నేనే అడిగిన. ఒక్క అక్షరం కూడ చూడనన్నరు. ఎందుకన్నరో నాకు ఇప్పుడే సమజైంది."

"మీకు ఆయన మీద..."

"ఆ ప్రశ్న బడి గురించి కాదు సార్," అంది స్నేహలత. "బడి గురించి అడగండి."

వీరభద్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పద్మలత ముందుకు వంగింది. "సరే. ఈ వాలంటీర్ లేకపోతే మీ బడికి ఏమవుతుంది?"

రాసి బట్టీపట్టిన జవాబు ఒకటుంది. అది గుర్తుకు రాలేదు. వేరేది వచ్చింది.

"జూన్‌ల ఒక పిల్ల కొత్తగ చేరింది మేడం. బయటికి పోవాల్నని తెలుగుల అడగనీకి రాలే. ఆ రోజు కట్టమ్మ రాలే, నాకు ఆమె మాట సమజ్ కాలే. మధ్యాహ్నం దాక ఓర్చుకుంది, ఆపుకోలేకపోయింది. అందరి ముందట. సిగ్గుతోని ఇంటికి ఉరికింది. పది రోజులు రాలే. కట్టమ్మ రోజూ వాళ్లింటికి పోయి, బతిమిలాడి తోల్కొచ్చింది. మొన్న వీరభద్రం సార్ చదివించిన్రు గదా, ముందు వరుసల ఎర్ర రిబ్బన్ల పిల్ల. ఆ పిల్లే."

వీరభద్రం కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నాలుగింటికి రిజల్ట్ చెప్తాం. బయట కూర్చోండి," అంది పద్మలత.

బయట వరండాలో కట్టమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. మెట్ల దగ్గర హరికృష్ణ నిలబడి ఉన్నాడు. ఇంటర్వ్యూ అయిపోయింది కాబట్టి ఇప్పుడు మాట్లాడొచ్చు.

స్నేహలత నేరుగా అతని దగ్గరికి నడిచింది. "ముగ్గురు పెద్దమనుషులకు తెలిసినంక నాకు తెలుస్తదా?"

"తప్పే మేడం."

"ముందు నాకెందుకు చెప్పలే?"

అతను నేలను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. "మార్కులు నా చేతిలున్నయి. అప్పుడు అడిగితే మీరు కాదనలేక తిప్పల పడుదురు. ఒకవేళ ఔనన్నా, బడి కోసం అన్నరో, మనసుల ఉండి అన్నరో నాకెట్ల తెలుస్తది? అందుకే ముందు మార్కులు వదులుకున్న. ఆ కాయితం ఇచ్చినంక ఇంటర్వ్యూ దాక మాట్లాడొద్దని పద్మలత మేడం అన్నరు."

స్నేహలత రెండు నెలలు మోసిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక నిలబడింది. బయట సన్నగా జల్లు మొదలైంది.

"రిజల్ట్ ఎట్లొస్తదో నాకు తెల్వది," అన్నాడు హరికృష్ణ. "నేను తప్పుకున్నందుకే మీ బడికి సాయం రాకపోతే... నన్ను మాఫ్ చేస్తరో లేదో అని పొద్దుటి నుంచి అదే ఫికర్."

"మేడం, నాలుగైతాంది," అంది కట్టమ్మ బెంచీ మీంచి.

స్నేహలత మూసి ఉన్న తలుపు వైపు చూసింది. ఇంకో ఐదారు నిమిషాల్లో అది తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక ఏ మాట అన్నా, ఆ మాట వెనక రిజల్ట్ ఉంటుంది.

"వినండి సార్. సాయం వచ్చినంక ఔనంటే, దొరికింది గాబట్టి అన్నదంటరు. రానప్పుడు కాదంటే, కోపంతోని అన్నదంటరు. మీకు కూడ ఆ అనుమానం ఉంటది. అందుకే ఇప్పుడే చెప్తాన." గుక్క తిప్పుకుంది. "నాక్కూడ ఇష్టమే. మూడో శనివారం నుంచి."

"రెండో శనివారం నుంచి," అంది కట్టమ్మ. "నాకు తెల్వదా?"

హరికృష్ణ నవ్వడం మొదలుపెట్టేలోపే తలుపు తెరుచుకుంది.

వీరభద్రం చేతిలో కాగితంతో వచ్చాడు. వరండా ఆ చివర రిజల్ట్ కోసం కూర్చున్న పదిమంది టీచర్లూ లేచి నిలబడ్డారు. మొదటి బడి పేరు చదివాడు. ఇప్పలగూడెం కాదు. రెండోది చదివాడు. అదీ కాదు. కట్టమ్మ స్నేహలత చెయ్యి పట్టుకుంది. ఎవరి చెయ్యి చల్లగా ఉందో ఇద్దరికీ తెలియలేదు.

"మూడోది," అని ఆగి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇప్పలగూడెం. టీచరుకు మైసూరు ట్రైనింగ్ ఉంది. వాలంటీర్‌కు రెండేళ్లు కాదు, ఒక్క ఏడే. ఆ తర్వాత మళ్ల నేనే వచ్చి పిల్లలను చదివిస్త. మిగతాది అప్పుడే."

"ఒక్క ఏడు చాలు సార్," అంది స్నేహలత. "మీరు రండి."

కట్టమ్మ అప్పటికే ఫోన్ తీసింది. "మేస్త్రీ, సోమవారం నేను రాను. నాకు బడి ఉంది," అని గట్టిగా చెప్పి పెట్టేసింది. తర్వాత బెంచీ మీద కూలబడి, మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది.

మరుసటి వారం ఆదివారం హరికృష్ణ ములుగు దగ్గర స్నేహలత అమ్మానాన్నల ఇంటికి పెళ్లి మాట అడగడానికి వచ్చాడు, ఒక్కడే. వరి పొలం పని చూసుకుని వచ్చిన ఆమె తండ్రి గట్టయ్య కాళ్లు కడుక్కుని ఎదురుగా కూర్చున్నాడు. భోజనం మొదలైనా ఒక్క మాట మాట్లాడలేదు. వడ్డిస్తున్న తల్లి సమ్మమ్మే అడిగింది.

"బిడ్డా, మీది హన్మకొండల దుకాణం ఉన్న ఇల్లు. పెండ్లైతే మా పిల్లను అటే తోల్కపోతవు. మరి ఆ బడి పిల్లలు?"

"ఆమె బడి ఏడుంటే ఆడనే అత్తమ్మా. ములుగుల కిరాయికి ఇల్లు కూడ చూసిన."

గట్టయ్య తలెత్తాడు. "చూసినవా? మేమింక ఔననక ముందే?"

హరికృష్ణ చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. 'అత్తమ్మా' అని కూడా అనేశానని అప్పుడు తట్టింది. తలుపు వెనక స్నేహలత నాలుక కరుచుకుంది.

గట్టయ్య నీళ్ల గ్లాసు ఎత్తి, సగం తాగి, కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు.

"నీళ్ల వసతి ఉన్నదా ఆ ఇంటికి?"