ఎర్ర కడియం గల్

“నేను రాసింది ఎర్ర కడియం. నువ్వు రాసింది ఆకుపచ్చ కడియం. గూట్లో ఉన్నది ఒకటే పక్షి! మనం చూస్తుండగానే కడియం మార్చుకుందా ఎమెట్?”

లినియా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నెత్తిన సైకిల్ హెల్మెట్, దాని మీద గల్ అనే సముద్రపు పక్షి రెట్ట. గ్రేలెడ్జ్ ద్వీపంలో జూన్ నెలలో ఎంత అందగత్తెకైనా ఇదే అలంకారం. హెల్మెట్ లేకపోతే పిల్లలున్న గల్స్ నెత్తి పొడిచి వదులుతాయి.

“పొరపాటయ్యుంటుంది,” అన్నాడు ఎమెట్, రాళ్ళ వైపు చూస్తూ.

“రోజూనా? నిద్రపోతున్నావా ఏంటి?”

“నువ్వు పక్కన వాగుతుంటే నిద్రెక్కడ పడుతుంది?”

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది లినియా. కానీ లోపల బెంగగానే ఉంది. వేసవి కోర్సులో, కాళ్ళకి గుర్తు కడియాలు తొడిగిన గల్స్‌ని గమనించి రాసే ఈ ప్రాజెక్టు బాగా వస్తే ప్రొఫెసర్ హెడ్విగ్ తన ల్యాబ్‌లో చేర్చుకుంటానన్నారు. జతగా దొరికినవాడు చూస్తే ఇలా!

ఆ సాయంత్రం భోజనాల హాల్లోకి అడుగు పెట్టబోతూ ఆగిపోయింది. లోపల ఎమెట్ గొంతు.

“మేడమ్, నన్ను లినియాతో కాకుండా ఇంకెవరితోనైనా వెయ్యండి.”

లినియా వెనక్కి తిరిగింది. ఆకలి చచ్చిపోయింది. జత మారిస్తే తనకే మంచిది కదా, మరి ఏడుపెందుకొస్తోందో ఆమెకే అర్థం కాలేదు.

మర్నాడు ఒక్క మాట లేదు. బండల మీద వేసిన చిన్న గుడారంలో చెరో మూల కూర్చుని గూళ్ళను చూశారు. మధ్యాహ్నానికి పొగమంచు కమ్మింది, వెంటే వాన. బయటికి వెళ్ళే దారి లేదు.

“నేనంత భరించలేనిదాన్నా?” ఉండబట్టలేక అడిగేసింది.

“ఎవరన్నారు?”

“నువ్వే. మేడమ్‌తో. విన్నాను.”

ఎమెట్ బైనాక్యులర్స్ కింద పెట్టాడు. “ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకేలా కనిపిస్తాయి లినియా. పుట్టినప్పట్నుంచీ అంతే. నీ ప్రాజెక్టు నా చేతిలో పాడైపోతోందని...”

“ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!”

“పక్షుల కోర్సుకొచ్చి రంగులు తెలీవని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అదీ నీతో!”

“నాతో అయితే ఏంటట?”

అతను ఉన్నట్టుండి బైనాక్యులర్స్ తీసి తుడవడం మొదలుపెట్టాడు. లినియా బుగ్గలు ఎర్రబడ్డాయి. అది అతనికి తెలియకపోవడమే మేలనుకుంది.

“రంగులు నేను చూస్తా,” అంది గొంతు సవరించుకుని. “పక్షి ఏం చేస్తోందో నువ్వు రాయి. జత మార్చమంటే మాత్రం ఊరుకోను.”

ఇద్దరూ కలిసి వెళ్ళి హెడ్విగ్‌కి ఉన్నదున్నట్టు చెప్పారు. తప్పులున్న వారం లెక్కలన్నీ ఆవిడ కొట్టేశారు. మిగిలిన రోజుల్లో తెల్లవారకముందే గుడారంలోకి దూరి, కాఫీ పంచుకుంటూ, పోట్లాడుకుంటూ పని పూర్తి చేశారు. చివరికి హెడ్విగ్ లినియాకి ఒకే మాట చెప్పారు: “సెప్టెంబరులో ల్యాబ్‌కి వచ్చెయ్.”

వెళ్ళే రోజు వచ్చింది. ఎమెట్ తర్వాతి కోర్సుకి అక్కడే ఉండిపోతున్నాడు. ఆమె బోటెక్కాక సంచి అందించి, ఒడ్డు మీద తాడు విప్పుతూ గబగబా అనేశాడు.

“ఈ నెలంతా గల్స్‌ని తక్కువ చూశాను, నిన్ను ఎక్కువ చూశాను. చలికాలంలో కూడా చూడాలనుంది. నన్ను... నన్ను మీ ఊరు రానిస్తావా?”

లినియా నోరు తెరిచేలోగా బోటు కదిలింది. పడవ వెళ్తుంటే ఉండిపోయేవాళ్ళంతా సముద్రంలోకి దూకి సాగనంపడం ఆ ద్వీపంలో ఆనవాయితీ. వెనకున్నవాళ్ళు ఎమెట్‌ని కూడా లాక్కుని దూకేశారు. సరిగ్గా అప్పుడే లినియా రెయిలింగ్ మీదికి వంగి గట్టిగా ఏదో అరిచింది.

మంచులాంటి నీళ్ళలోంచి ఎమెట్ తల పైకి లేచింది. “ఏంటీ? వినపడలేదు!”

లినియా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. బోటు నడిపే ముసలి రాస్కో నిట్టూర్చి మైకు అందుకున్నాడు.

“ఒరే అబ్బాయ్! రమ్మంటోంది! ఇక ఒడ్డెక్కు, గడ్డకట్టి చస్తావ్!”